బురదలోంచి తీసిన బండి

వరద తీసిన నాలుగో రోజు పొద్దున, రాజోలిలో జయరాజు ఇంటి కూలిన గోడ కింద స్కూటర్ హ్యాండిల్ కనబడింది. మిగతాదంతా బురదలో కూరుకుపోయి ఉంది. ఎదురుగా అరుగు రాళ్ల మీద కూర్చుని జయరాజు చూస్తున్నాడు. దిగి తవ్వే వీలు అతనికి లేదు. మోకాలి లోతు బురదలో మామూలు మనిషే అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాడు. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చింతబరికెలా సన్నబడ్డ మనిషి ఎలా దిగుతాడు? భార్య జములమ్మ, ఆమె తమ్ముళ్లిద్దరూ పారలు పట్టుకుని తవ్వుతున్నారు. పార ఇనుముకు తగిలి ఖంగుమన్నప్పుడల్లా జయరాజు "పైలం, పైలం" అంటున్నాడు.

"ఇంకేం పైలం?" అంది జములమ్మ, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ. "తుంగభద్ర అంత దీని మీదికెల్లి పోయింది. నా పార తగిలితే కొత్తగ పాడయితదా?"

2009 అక్టోబరు అది. ఊళ్లో సగం ఇళ్లు నేలమట్టమయ్యాయి. పెట్టెలు, బియ్యం, పట్టు నూలు, పెళ్లి ఫొటోలు అన్నీ పోయాయి. ఎవరి ఏడుపు వాళ్లది. ఆ ఏడుపుల మధ్య ఒక పాత స్కూటర్ కోసం గుండె దడదడలాడుతోందంటే నవ్వుతారని అతను నోరు మూసుకున్నాడు.

జయరాజు తల్లిదండ్రులు ఏటా మన్ను పనికి వలసపోయేవాళ్లు. నడవలేని పిల్లవాణ్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. పదిహేనో ఏట గద్వాలలో మగ్గాలు చేసే ఒక వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. చితుకులు ఏరడంతో మొదలుపెట్టి, పదేళ్లలో చీర అంచులో పూలు నేయించే జకార్డు పెట్టె విప్పి మళ్లీ బిగించేంత పనివాడయ్యాడు. ఎక్కడ మగ్గం మొరాయించినా జయరాజుకు కబురొచ్చేది. కబురు రావడం సులువే, పోవడమే కష్టం. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒంగి ఒంగి బస్టాండు దాకా నడిచేవాడు. అతను మెట్టెక్కేలోపే బస్సు కదిలేది. రెండుసార్లు కింద పడ్డాడు. ఒకసారి పళ్లు కూడా ఊడాయి.

2001లో పాత గేర్ల స్కూటర్ ఒకటి కొన్నాడు. కర్నూలు తీసుకెళ్లి, వెనక చక్రానికి అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు నిలిచేలా ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాడు. క్లచ్చు, గేర్లు ఎడమచేతికి, బ్రేకు కుడికాలికి. ఎడమకాలికి అసలు పనే లేదు. అప్పటినుంచి ఎనిమిదేళ్లు జయరాజును ఎవరూ ఎత్తాల్సిన పని పడలేదు.

ఇప్పుడు మళ్లీ ఎత్తుతున్నారు. ఊరికి ఎగువన మెరకలో వేసిన డేరాల్లో ఉంటున్నారు వాళ్లు. తెల్లవారుజామున బయటికి పోవాలంటే ముళ్లచెట్ల దాకా బురదలో జములమ్మ వీపున మోసుకుపోతోంది. ఆమె ఏమీ అనదు. కానీ ఆ అవసరం తగ్గుతుందని జయరాజు సాయంత్రం పూట సగం అన్నమే తింటున్నాడు. ఇక బతుకంతా ఇంతేనేమో అన్న భయం అతనికి ఆకలి కూడా లేకుండా చేసింది.

బండిని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని శాంతినగర్‌లో మెకానిక్ సాయన్న షెడ్డుకు చేర్చారు. అరవై దాటిన సాయన్న కళ్లద్దాల కాడకు దారం కట్టుకుని ఉంటాడు. మాట పొదుపు. కిక్ రాడ్ మీద కాలు పెట్టి బలమంతా వేసి తొక్కాడు. రాడ్ కదల్లేదు. కింద బోల్టు విప్పితే గేరాయిల్ బదులు పాలు కలిపిన టీ లాంటిది కారింది.

"ఏమంటవ్ సాయన్నా?"

"పిస్టన్ పట్టేసింది."

"ఇడుస్తదా?"

"తెల్వదు. వేరేటోళ్లకయితే పాత ఇనుము కింద అమ్మేసి ఇంకోటి చూస్కో అంటుంటి."

"మరి నాకెందుకు అంటలేవు?"

"ఇంకోటి ఎక్కి నువ్వెట్ల పోతవ్?" అని సాయన్న ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కిరోసిన్, నూనె కలిపి పోశాడు. "రెండు దినాలు నాననీ. అంతకుమించి మన చేతుల లేదు."

ఆ రెండు రోజులూ జయరాజు షెడ్డులోనే ఉన్నాడు. కార్బొరేటర్, మాగ్నెట్, బ్రేకు డ్రమ్ములు, ఒక్కొక్కటీ కిరోసిన్ తట్టలో ముంచి బ్రష్షుతో రుద్దాడు. ఎంత కడిగినా ఎక్కడో ఒక మూల నుంచి ఎర్రమట్టి కారుతూనే ఉంది. గంటకోసారి కిక్ రాడ్‌ను చేత్తో నొక్కి చూసేవాడు. సాయన్న అటు తిరిగి ఉన్నప్పుడు మాత్రమే నొక్కేవాడు. అది రాయిలా ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం సత్యమ్మ వచ్చింది. రాజోలిలో ఒంటరిగా ఒకే మగ్గం మీద బతికే మనిషి. చీర కుచ్చిళ్ల నిండా బురద.

"ఇంక అయితలేదా జయరాజూ? మగ్గం గుంటల మన్నంత నేనే ఎత్తిపోసిన. మగ్గం కాళ్లు నీళ్లకు ఉబ్బినయి. నిన్నటి ఎండకు ఒకటి పగులువారింది."

జయరాజు చేతిలోని బ్రష్షు ఆగిపోయింది. "ఎండల ఎందుకు పెట్టినవ్ అక్కా? నీడకు జరుపు. మీద తడి గోనెసంచి కప్పు. కాళ్ల నడుమ అడ్డం కట్టె పెట్టి తాడుతోని బిగించు. దబదబ ఆరితే ఇంకా చీలుతది."

"నాకేం తెలుసు? అందరు గట్లనే ఎండకేసిన్రు."

అందరూ. ఊళ్లో మగ్గాలన్నీ ఎండలో ఉన్నాయన్నమాట. అతని కళ్ల ముందు వీధివీధినా టేకు కాళ్లు టప్పుమని చీలుతున్నట్టే అయింది.

"కర్నూలు కెల్లి ఎవరో పనాయన వస్తడంట," అంది సత్యమ్మ. "ఆయన కొత్తది చేయించుకో అంటడు. నేనేడ చేయించుకోను? నువ్వయితే ఉన్నదాన్నే నిలబెడ్తవ్."

ఆమె వెళ్లాక జయరాజు కిక్ రాడ్ నొక్కాడు. ఈసారి సాయన్న చూస్తున్నా నొక్కాడు. రాయే. సాయన్న లేచి వచ్చి, ప్లగ్గు రంధ్రంలో వేపకర్ర ముక్క పెట్టి, సుత్తితో మెల్లగా తట్టాడు. ఒకటి, రెండు, పది. చాలాసేపటికి లోపల చిన్నగా కిర్రుమంది. జయరాజు చేత్తో మళ్లీ నొక్కాడు. కిక్ రాడ్ అంగుళం దిగింది. ఇంకో అంగుళం దిగింది. ప్లగ్గు రంధ్రంలోంచి నల్లటి నీళ్లు చిమ్మి సాయన్న చొక్కా మీద పడ్డాయి.

మరునాడు బండి స్టార్టయింది. తెల్లటి పొగ షెడ్డంతా కమ్ముకుంది. కానీ చక్రాల పట్టీని పట్టుకుని ఊపి చూసిన సాయన్న, ఎడమవైపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక ఉందన్నాడు. దాన్ని మళ్లీ వెల్డింగ్ చేయించేసరికి ఇంకో పూట గడిచింది.

"ఇయ్యాల తీస్కపోకు," అన్నాడు సాయన్న. "బ్రేకుల తడి ఉంది. ఇంకో దినం ఆరనియ్యి."

"మగ్గాలు చీల్తున్నయి సాయన్నా."

జయరాజు బయల్దేరాడు.

మొదటి రెండు మైళ్లు అతను దారిని చూడనేలేదు, ఇంజన్ మాటే వింటూ పోయాడు. చప్పుడు కొంచెం మారితే చాలు, వేగం తగ్గించేవాడు. కల్వర్టు ముందు దారి పల్లంగా దిగుతుంది. వరదకు ఎడమపక్క రోడ్డు సగం కోసుకుపోయింది. ఎదురుగా డేరాల సామాను నింపుకున్న లారీ వస్తోంది. జయరాజు బ్రేకు తొక్కాడు. పెడల్ అడుగుదాకా దిగింది. బండి ఆగలేదు.

గేరు తగ్గించాడు. మళ్లీ తగ్గించాడు. ఇంజన్ అరిచింది. చేతి బ్రేకు నొక్కితే సగమే పట్టింది. లారీకి దారి ఇవ్వబోయేసరికి ఎడమపక్క చిన్న చక్రం కోసుకుపోయిన అంచు దాటి గాల్లోకి వెళ్లింది. బండి పక్కకు ఒరిగి, ఇనుప పట్టీ రాయి మీద ఆనుకుని నిలిచింది. కింద ఇద్దరు మనుషుల లోతు గుంట ఉంది.

లారీ ఆగింది. ఇద్దరు దిగి పరుగున వచ్చి, అతని చంకల కింద చేతులు వేశారు.

"నన్ను కాదన్నా," అన్నాడు జయరాజు. "బండిని ఎత్తుండ్రి. అది లేస్తే నేను లేస్త."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అతను కూర్చుని ఉండగానే బండిని రోడ్డు మీదికి లాగారు. లారీ వెళ్లిపోయాక జయరాజు దారికి అటూ ఇటూ చూశాడు. ముందు రాజోలి దగ్గరే. వెనక్కి శాంతినగర్ కూడా అంతే దూరం. పోతే పోవచ్చు, మెల్లగా పోతే ఏమీ కాకపోవచ్చు. ఎదురుచూస్తున్న సత్యమ్మ గుర్తొచ్చింది. తర్వాత ఆ గుంటలోకి చూశాడు. తను పడితే ఆ మగ్గాల సంగతి అడిగేవాడు ఉండడు. బండి వెనక్కి తిప్పి, మొదటి గేరులోనే శాంతినగర్ దాకా వచ్చాడు.

సాయన్న డ్రమ్ము విప్పి చూస్తే బ్రేకు పట్టీలు మట్టినీళ్లతో జిడ్డుగా ఉన్నాయి. వాటిని తీసేసి వేరేవి వేశాడు. మర్నాడు షెడ్డు ముందు రోడ్డు మీద సున్నంతో గీత గీసి, "దీని కాడ ఆపు" అన్నాడు. జయరాజు పదిసార్లు ఆపాడు. పదకొండోసారి సాయన్న వెనక సీటు మీద కూర్చుని ఆపించాడు. దిగి, "ఇంక పో" అన్నాడు.

ఆ ఒక్కరోజు ఆలస్యానికి సత్యమ్మ మగ్గం కాలు పగులు జానెడయింది. జయరాజు రెండు ఇనుప పట్టీలు చుట్టి, బోల్టులు బిగించి నిలబెట్టాడు. అక్కణ్నుంచి వీధివీధినా తిరిగాడు. ఎండలో ఉన్నవాటిని నీడకు చేర్పించాడు. కొన్నిటిని ఎంత చూసినా లాభం లేకపోయింది, ఆ మాట వాళ్లకు చెప్పడమే అతనికి అన్నిటికంటే కష్టమయింది. రెండు కుటుంబాలు మగ్గాలు వదిలేసి హైదరాబాదులో కూలికి వెళ్లిపోయాయి. మిగతావి ఒక్కొక్కటే చప్పుడు చేయసాగాయి. జయరాజు రాత్రి కడుపునిండా తింటున్నాడు.

చలికాలం చివర అమరచింత నుంచి కబురొచ్చింది. జములమ్మను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. గద్వాల దాటి జూరాల ఆనకట్ట దగ్గరికి రాగానే బండి ఆపేశాడు. ఒకపక్కంతా నీళ్లు.

"ఏమైంది?" అంది జములమ్మ.

"చప్పుడు వేరేగ ఉన్నట్టుంది."

ఆమె చెవి వొగ్గి వింది. "గాలి అది."

"గాలే అంటవా?"

"బ్రేకు చూస్కున్నవా?"

"పొద్దుగాల చూసిన."

"ఇంకోసారి చూడు. అప్పుడు పోదం. మనకేం తొందర?"

జయరాజు రెండు బ్రేకులూ నొక్కి చూశాడు, ఒంగి పట్టీ అతుకులు వేళ్లతో తడిమాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా ఆనకట్ట దాటేదాకా రెండో గేరు మించలేదు. వెనకొచ్చిన జీపువాడు హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చి ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి జయరాజు అమరచింతలో ఒక మగ్గం కింద వెల్లకిలా పడుకుని, జకార్డు తాళ్ల చిక్కు విప్పుతున్నాడు.