ఒక్క రైటు, రెండు రైట్లు

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ రైట్ బాబాయే. కండక్టరు ఉద్యోగంలో ఒళ్లు అరగదీసుకున్న మనిషి, ఇంట్లో కూడా అదే భాష. భోంచేశారా అంటే "రైట్ రైట్" అంటాడు. జ్వరం దాచిపెట్టి డ్యూటీకి పోయే రోజున మాత్రం ఒక్క "రైట్" అని ఊరుకుంటాడు. ఈ తేడా లోకంలో భార్య ఒక్కదానికే తెలుసు. పాపం, ఆయనకే తెలియదు.

అలాంటివాడికి మొన్న నిండు బస్సులో టికెట్లు కొడుతుండగా ఆయాసం వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె సంగతి చూస్తేగాని బస్సెక్కనివ్వనన్నాడు డాక్టరు. పాసైతే బస్సు, లేకపోతే డిపో ఆఫీసులో కుర్చీ. ఆ కుర్చీ మాటెత్తితేనే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది.

"నొప్పి వస్తే దాచకండి," అంది భార్య ఆసుపత్రి మెట్లెక్కుతూ.

"రైట్," అన్నాడు. ఒక్కటే రైటు. ఆవిడ మెట్టు మీదే ఆగి ఆయన ముఖంలోకి చూసింది.

వదులు బట్టలు వేసుకురమ్మన్నారు గదా అని, కొత్తవి కొనడానికి చేతులు రాక, అల్లుడి ట్రాక్ ప్యాంటు తగిలించుకొచ్చాడు. అల్లుడు కాస్త పుష్టిగా ఉంటాడు.

టెక్నీషియన్ పిల్ల ఆయన ఛాతీ మీద అక్కడక్కడా వెంట్రుకలు తీసి, జిగురు బిళ్లలు అంటించి, తీగలు తగిలించింది. చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"ముందు మెల్లగా నడిపిస్తుంది అంకుల్. మూడేసి నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెరుగుతాయి. నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా చెప్పండి, ఆపేస్తాను. ఇదేం పరుగు పందెం కాదు."

డాక్టరు తెర మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు. భార్య కర్టెన్ అవతల బెంచీ మీద కూర్చుంది.

పట్టా కదిలింది. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నడిచిన కాళ్లాయె, కడ్డీ పట్టుకోమని ఆ పిల్లే గుర్తుచేయాల్సి వచ్చింది.

"బాగానే ఉందా అంకుల్?"

"రైట్ రైట్."

ఎత్తు పెరిగింది. చెమట పట్టింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు. ఇంకోసారి పెరిగింది. ఊపిరి ఎగబీలుస్తున్నా ముఖం మాత్రం వెలిగిపోతోంది, బస్సు చేతికొచ్చేసినట్టే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఓ చెయ్యి పొట్ట దగ్గరికి పోయింది. మనిషి కాస్త వంగాడు.

"ఏమైనా ఇబ్బందా అంకుల్?"

"రైట్."

ఒక్కటే. బెంచీ మీద ఆవిడ చెవిన పడనే పడింది. "హోల్డాన్!" అని ఆయన బస్సు ఆపించే కేకే వేసి, కర్టెన్ తోసుకుని లోపలికొచ్చేసింది. పిల్ల ఉలిక్కిపడి బటన్ నొక్కింది.

"ఏం దాస్తున్నారు?" అంటూ ఆవిడ ఆయన భుజం పట్టుకుంది. "ఆ కుర్చీలో కూర్చుంటే కొంపేం మునగదు. నాకు మీరు కావాలి."

"నొప్పి కాదే," అన్నాడాయన రొప్పుతూ. "ప్యాంటు జారిపోతోంది. ఈ పిల్ల ముందు ఎలా చెప్పను?"

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్ల అటు తిరిగి నోరు మూసుకుంది. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, గుండె నెమ్మదించేదాకా గీతలు చూశారు.

"గుండె వేగం ఎంతదాకా పెరగాలో అంతదాకా పెరిగాకే ఆపారు మీ ఆవిడ," అన్నాడు డాక్టరు. "ఢోకా ఏం లేదు. రేపే బస్సెక్కండి, మీ సొంత ప్యాంటు వేసుకుని."

బయటికొచ్చాక ఆయన ఆగి అడిగాడు. "కర్టెన్ అవతలనుంచి ఎలా కనిపెట్టావే?"

"అది చెప్తే ఆ ఉన్న ఒక్క గుట్టూ పోతుంది," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "ఇక ఇంటికి పోదామా?"

"రైట్ రైట్," అన్నాడు.