వేట రోజుల్లో జరిగిన గ్రామసభ

ముంచింగిపుట్టు సంతలో అందరూ చూస్తుండగా పోలీసులు నన్ను జీపెక్కించారు. ఎనిమిదేళ్లుగా అదే సంతలో మైకు పట్టుకుని ఊదరగొట్టినవాణ్ణి. పసుపు అమ్ముకునే ఆడవాళ్లు లేచి నిలబడి మరీ చూశారు. సిగ్గు తరవాత వచ్చింది, ముందు ఒళ్లు మండిపోయింది. ఇంతమందికి ఇన్ని పనులు చేసిపెట్టిన నన్నా పట్టుకుపోవడం అనుకున్నాను.

నిజంగానే చాలా పనులు చేశాను. తొంభైల మొదట్లో మా కొండల్లో పదో తరగతి గట్టెక్కినవాళ్లు వేళ్ల మీద లెక్క. కింద మైదానం నుంచి వచ్చిన ఒక నాయకుడు నన్ను చేరదీశాడు. ఏ ఊరి దాకా జీపు వెళుతుంది, ఎక్కడ దిగి నడవాలి, ఏ పెద్దమనిషి ఊఁ అంటే ఊరంతా ఊఁ అంటుంది, అన్నీ నాకు కొట్టినపిండి. ఎన్నికలు లేని రోజుల్లో అర్జీలు రాసేవాణ్ణి. బోరుకి, బడికి, రోడ్డుకి. రోజూ ఏ ఊరు వెళ్లిందీ డైరీలో రాయాలని ఆయన నియమం పెట్టాడు. శనివారం శనివారం చూసి కింద సంతకం చేసేవాడు.

నాకూ ఒక పద్ధతి ఉండేది. అర్జీ టైపు చేయించాలంటే కొండ దిగాలి, వేలిముద్రల కోసం మళ్లీ ఎక్కాలి. కొన్ని ఊళ్లకి నాలుగు గంటల నడక. అందుకని ముందే తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, పైన వదిలిన ఖాళీలో తరవాత టైపు కొట్టించేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, నా సొంత తెలివి. ఆ తెలివికి మురిసిపోయేవాణ్ణి కూడా.

ఒక వానాకాలం మా నాయకుడు నా మేనమామ ఊరికి రోడ్డు అడుగుదామన్నాడు. మామ ఆ ఊరి పెద్ద. ముందు తను వేలు వేశాడు, వెనక ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ వేశారు. కాగితాలు తెచ్చి మా నాయకుడి ఆఫీసులో ఇచ్చేశాను. మరుసటి ఏడు రోడ్డయితే వచ్చింది. క్వారీవాళ్లు తమ యంత్రాల కోసం చెక్కుకుంటూ వచ్చిన రోడ్డు. వాళ్ల చేతిలో గ్రామసభ తీర్మానం ఉంది. మా కొండ రాయి తీసుకోవడం మాకు సమ్మతమే అని రాసి, కింద మామ వేలిముద్ర, ఆ తరవాత వరసగా అందరివీ. ఊరు ఆ కొండ మీదే సామలు, రాగులు పండించుకుంటుంది, ఆ కొండ ఊటే తాగుతుంది. ఊరివాళ్లు కేసు పెట్టారు. వేలిముద్రలు తీసుకున్నది నేను గనక మొదటి ముద్దాయిని నేనే. మా నాయకుడి పేరు ఎక్కడా లేదు.

బెయిలు ఆయనే ఇప్పించాడు, లాయరునీ ఆయనే పెట్టాడు. "సభ జరిగింది, అందరూ ఇష్టపడే వేశారని ఒక్క మాట చెప్పు తమ్ముడూ. వాళ్ల మాట ఎవడు నమ్ముతాడు? కేసు ఎగిరిపోతుంది. వచ్చేసారి మండలాధ్యక్షుడివి నువ్వే," అన్నాడు. దాచుకోవడం ఎందుకు, సరేనన్నాను. మూడేళ్లు వాయిదాలకి తిరిగాను. కోర్టు వరండాలో మామ ఒక చివర, నేనొక చివర. ఒకరోజు ఆయనే నా దగ్గరికొచ్చాడు.

"ఏటిరా అల్లుడా, మేమెప్పుడు సభెట్టినాం? ఆ కాయితంల ఏ రోజని రాసినారు?"

అంత చదువుకున్నవాణ్ణి, అప్పటిదాకా ఆ తేదీ చూడనే లేదు. లాయరు దగ్గర కాపీ అడిగి చూశాను. వేలిముద్రలు నేను వానల్లో తీసుకుంటే, తీర్మానానికి అంతకుముందు చైత్రంలో తేదీ వేశారు, క్వారీ దరఖాస్తుకి సరిపోయేలా. ఇంటికి పోయి పాత డైరీ తిరగేశాను. ఆ రోజు పేజీలో నా రాతే ఉంది. "మామ ఊరు. వేట."

చైత్రంలో ఇటుకల పండగకి మా మగవాళ్లంతా వేటకి అడవిలోకి పోతారు. ఆ రోజులు ఏ క్యాలెండర్లోనూ ఉండవు. మంచీచెడూ చూసే దిశారి ఏ ఊరికి ఆ ఊరికి లెక్కగట్టి చెబుతాడు. పొద్దుండగా మగవాడెవడైనా ఊళ్లో కనబడితే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. వట్టి చేతులతో తిరిగొచ్చినా అంతే. ఆ ఏడు ఒక్క కుందేలైనా దొరక్క మామా నేనూ కలిసే తడిశాం. కింద ఆఫీసులో టైపు కొట్టినవాడికి ఇవన్నీ ఏం తెలుసు? పగలు పదకొండు గంటలకి ఊళ్లో మగవాళ్లందర్నీ కూర్చోబెట్టి తీర్మానం చేయించేశాడు. ఆ వారం పేజీల కింద మా నాయకుడి సంతకం నిక్షేపంలా ఉంది.

డైరీ ఇస్తే ఊరికి కొండ మిగులుతుంది, నేను జైలుకి పోతాను. సభ జరగలేదంటే మరి వేలిముద్రలు ఎక్కడివని అడుగుతారు. తెల్లకాగితాల మీద తీసుకున్నానని నా నోటితో నేనే చెప్పాలి. లాయరు నీకేమైనా పిచ్చా అన్నాడు. మా నాయకుడు కబురు మీద కబురు పంపాడు, ఆ తరవాత బెదిరించాడు. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. అన్నేళ్లు ఆయన కోసం వాడాను, ఒక్కసారి ఊరి కోసం వాడితే పోయిందేముందనుకున్నాను.

జడ్జిగారు నన్ను ప్రశ్నలడిగే రోజున డైరీ బల్ల మీద పెట్టాను.

"వాళ్లకి ఏమని చెప్పి వేలిముద్రలు తీసుకున్నావు?"

"రోడ్డు కోసమని చెప్పానండి. కాగితం మీద ఏమీ రాసి లేదండి. రాసి ఉండాలని వాళ్లకి తెలీదు, నాకు తెలుసు."

గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ గర్వమే. ఏడాది శిక్ష పడింది. తీర్పు కాపీ పట్టుకుని ఊరివాళ్లు నెలల తరబడి తిరిగి క్వారీ అనుమతి రద్దు చేయించుకున్నారు. సంతకం చేశానే గాని పేజీలు చదవలేదని చెప్పి మా నాయకుడు బయటపడిపోయాడు.

విడుదలైన రోజు ఇంటికి కూడా పోకుండా మామ ఊరికి నడిచాను. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఏళ్లవుతోంది. మామ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"నానైతే కోర్టుల ఇన్నాను. మిగిలినోలకి ఎవులు సెప్తారు? ఇల్లిల్లూ ఎల్లి నువ్వే సెప్పు. బేగెల్లు, పొద్దోతంది."

ముప్పై ఒక్క గుమ్మాలూ ఎక్కాను. ఖాళీ కాగితం మీద మీ చేత వేలు వేయించాను, తప్పు చేశాను అని ప్రతిచోటా అన్నాను. కొందరు తలుపేసుకున్నారు. ఒకాయన కసితీరా తిట్టాడు. ఇద్దరు పోయారంటే వాళ్ల పిల్లలకి చెప్పాను. ఆఖరి ఇంటి ముందు ఒక ముసలమ్మ రాగులు చెరుగుతూ నా మాటంతా వింది.

"కాయితం కాలీదో నిండుదో నాకేటి తెల్సు నాయనా. నాను కాయితాన్ని సూసి ఏలెయ్యలేదు. నిన్ను సూసి ఏసినాను."

చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ అరుగు మీద కూర్చుని ఏడ్చాను. తరవాత ముఖం తుడుచుకుని లేచి, మళ్లీ మొదటి గుమ్మం నుంచి చెప్పుకుంటూ వచ్చాను, ఈసారి కాగితం మాట ఎత్తకుండా.