మైకక్క మూడు లీటర్లు

ఆ బస్‌స్టాండ్‌లో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ ఆమె మైకక్క. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వచ్చిందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో పదకొండేళ్లుగా చెబుతున్న గొంతు ఆమెది. ఆ గొంతు వింటే, గంట ఆలస్యమైన బస్సు కూడా ఏదో మంచిపని మీదే ఆగిపోయి ఉంటుందని ప్రయాణికులకు అనిపించేది.

అయితే ఆ గదికీ లేడీస్ బాత్‌రూంకీ మధ్య ఇరవై రెండు మెట్లు, పద్నాలుగు ప్లాట్‌ఫాంలు ఉన్నాయి. పార్సిల్ ఆఫీసు దాటాక ఆ చివర ఎక్కడో ఉంటుంది అది. నడకే నాలుగు నిమిషాలు. క్యూలో ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. బస్సులేమో మూడు నిమిషాలకొకటి వస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మైకక్క ఈ లెక్క వేసుకుని, దానికి ఒక్కటే మందు కనిపెట్టింది. నీళ్లు తాగకపోవడం. ఆరింటికి డ్యూటీ ఎక్కితే రెండింటికి దిగేదాకా ఒక టీ, అంతే. "ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటాను, నాకేం" అని గొప్పగా చెప్పుకునేది కూడా.

ఒక మంగళవారం ఆ గొప్పంతా దిగిపోయింది. "దయచేసి వినండి, ఏడో ప్లాట్‌ఫాం మీద..." అని మొదలుపెట్టిన మనిషి, "ఏడో" దగ్గరే ఆగి కెవ్వున అరిచింది. ఏడో ప్లాట్‌ఫాం మీదున్నవాళ్లంతా భయపడి వెనక్కి దూకారు. పక్క కుర్చీలోని చార్ట్ బాబాయి కలం పారేసి లేచాడు. బస్సుల రాకపోకలు చార్టులో రాసే ఉద్యోగం ఆయనది. మైకక్క నడుము పట్టుకుని, కొంకి తగిలిన చేపలా మెలికలు తిరుగుతోంది.

కిడ్నీలో రాయి అన్నారు. పెద్దది కాదు, నీళ్లతోనే పోతుందని చెప్పింది డాక్టరమ్మ.

"రోజుకి మూడు లీటర్లు తాగాలి."

"ఇంటికెళ్లాక తాగుతానండీ."

"పగలంతా ఎండగట్టి సాయంత్రం వరద పారిస్తే ఏం లాభం? పని దగ్గరే తాగాలి."

"పని దగ్గర తాగితే మరి..." అని మైకక్క ఆగిపోయింది. పద్నాలుగు ప్లాట్‌ఫాంల సంగతి డాక్టరమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే ఆమె భర్త ఆ సాయంత్రమే రెండు లీటర్ల బాటిల్ ఒకటి తెచ్చి, దాని మీద నల్ల మార్కర్‌తో గీతలు గీశాడు. ఏడు గంటల గీత, ఎనిమిది గంటల గీత, అలా రెండింటి దాకా. "టైముకి ఈ గీత దాకా దిగాలి. అంతే, సింపుల్" అన్నాడు. తాగడం వరకే గీశాడు గానీ, తాగాక ఏం చెయ్యాలో ఆ బాటిల్ మీద ఎక్కడా రాయలేదు.

మర్నాడు మైకక్క తెలివిగా ఆలోచించాననుకుంది. ఎనిమిదింటికి రద్దీ మొదలవుతుంది కనుక, ఆలోపే సగం బాటిల్ అవగొట్టేస్తే గొడవ వదులుతుందని, ఏడింటికల్లా లీటరు దించేసింది. ఏడుంపావుకి మొదటిసారి లేచింది. ఎనిమిదికి రెండోసారి. ఆ తర్వాత మెట్లు ఎక్కడమే తడవు, మళ్లీ దిగాలనిపించేది. పార్సిల్ ఆఫీసు హమాలీ ఆమె ఐదోసారి కనిపించేసరికి, ఏదైనా పార్సిల్ పోయిందేమోనని వెతికిపెట్టడానికి లేచి వచ్చాడు.

ఆమె లేనప్పుడల్లా మైకు చార్ట్ బాబాయి చేతికి వచ్చేది. ముప్ఫై ఏళ్లుగా రాయడమే తప్ప మాట్లాడి ఎరగని మనిషి. మైకు దగ్గరికి తీసుకోగానే ఆయన నుదుటి మీద చెమట పట్టేది. "పన్నెండు... వచ్చింది. ఇక మీ ఇష్టం" అనేవాడు. పన్నెండంటే బస్సో ప్లాట్‌ఫామో తెలియక జనం అటూ ఇటూ పరుగులు పెట్టారు. ఆ రోజు మైకక్క తొమ్మిదిసార్లు వెళ్లింది. "అమ్మా, ఇంకో రోజు ఇలాగే అయితే నేను ముందే రిటైరైపోతా" అని దణ్ణం పెట్టాడు బాబాయి.

ఇంట్లో అత్తగారు ముప్ఫై రెండేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి దిగిన మనిషి. కూరలో ఉప్పు కూడా మందు కొలిచినట్టే కొలుస్తుంది. కోడలు చెప్పిందంతా విని, కళ్లజోడు సవరించుకుని విచారణ మొదలుపెట్టింది.

"లీటరు ఎంతసేపట్లో తాగావమ్మాయ్?"

"గంటలో, అత్తయ్యా."

"అలా కుమ్మరించడానికి నువ్వేమన్నా మేడ మీద ట్యాంకువా? ఒళ్లు వాడుకునే లోపే వచ్చిన దారిన పోయాయి. గుక్క గుక్కగా తాగాలి. నాలుగైదు బస్సులు చెప్పు, రెండు గుక్కలు వెయ్యి. మళ్లీ నాలుగు చెప్పు, మళ్లీ రెండు. పొద్దున లేవగానే ఓ పెద్ద గ్లాసు ఇక్కడే తాగి, ఇక్కడే వెళ్లి, అప్పుడు గడప దాటు. ఆ టీ సగం చెయ్యి. అది నీళ్ల కంటే ఎక్కువ పరిగెత్తిస్తుంది."

"మరి వెళ్లాలనిపిస్తూనే ఉంటుంది కదా?"

"అనిపించిన ప్రతిసారీ లేవకు. ఐదు నిమిషాలు పనిలో పడు. ఉత్తిదే అయితే మర్చిపోతావు. నిజమైతే మళ్లీ తలుపు తడుతుంది. అప్పుడు మాత్రం ఎవరున్నా, ఏ బస్సున్నా లే. బిగబట్టి కూర్చోబట్టే ఈ రాయి వచ్చింది."

"ఇలా ఎన్నాళ్లు?"

"రెండు మూడు వారాలు. ఆ తర్వాత అదే సర్దుకుంటుంది. కొత్త కోడలిలాగా మొదట్లో అన్నిటికీ హడావుడి చేస్తుందంతే." అన్నాక ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుక్కల పద్ధతి బాగానే పనిచేసింది. తొమ్మిది కాస్తా ఏడైంది. నాలుగోరోజు మాత్రం తెల్లవారినప్పటి నుంచీ వాన. చలి. బస్సులన్నీ ఆలస్యం, జనం ప్లాట్‌ఫాంల మీద ఒకరి మీద ఒకరు. మైకక్క గంటన్నరగా గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. కడుపులో ఏదో తలుపు తట్టింది. ఐదు నిమిషాలు చూసింది. మళ్లీ తట్టింది. ఇంకో నాలుగు బస్సులు చెప్పింది. ఈసారి తట్టడం కాదు, తలుపు బద్దలు కొట్టడమే.

మైకు స్విచ్ కట్టేశాననుకుని ఆమె బాబాయి వైపు తిరిగింది. అనుకుంది అంతే, కట్టెయ్యలేదు.

"బాబాయ్, ఇక నా వల్ల కాదు. ఒంటికి వెళ్లొస్తాను. పద్నాలుగో ప్లాట్‌ఫాం దాకా వెళ్లేలోపు ఏమవుతుందో నాకే తెలీదు. ఈ బస్‌స్టాండ్ కట్టినవాడు ఆడదై పుట్టుంటే తెలిసేది!"

పద్నాలుగు ప్లాట్‌ఫాంల మీద, ముప్ఫై లౌడ్‌స్పీకర్లలో, అదే కమ్మటి గొంతుతో ఆ మాటలు స్పష్టంగా వినబడ్డాయి. బాబాయి మైకు వైపు వేలు చూపించాడు. దాని ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

మైకక్కకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కానీ సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేదు. మెట్లు దిగింది. కింద ఎవరో పెద్దావిడ గట్టిగా, "దారివ్వండయ్యా, అడ్డం లేవండి!" అంది. జనం రెండుగా చీలారు. సామాన్లు పక్కకి జరిగాయి. ఒకాయన తన గొడుగు ఆమె చేతిలో పెట్టాడు. ఎనిమిదో నంబరు బస్సు డ్రైవరు వెనక్కి తీస్తున్న బండిని ఆపేసి, చెయ్యి చూపించి వెనక బండినీ ఆపాడు. ఆ చివర బాత్‌రూం దగ్గర క్యూలో ఉన్న పదిమంది ఆడవాళ్లూ ఒక్కమాటగా, "వెళ్లమ్మా, వెళ్లు వెళ్లు" అని తోశారు.

తలుపు వేసుకున్నాక మైకక్కకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, ఆ డ్రైవరు చెయ్యి బయటపెట్టి ట్రాఫిక్ పోలీసులా వెనక బండిని ఆపిన తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. బయటికొచ్చేసరికి రెండూ అయిపోయాయి.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. చెడ్డవాడు కాదు, కానీ ఏ సంగతైనా కాగితం మీద పడితే తప్ప ఆయనకి నిద్రపట్టదు. "మెమో ఇవ్వక తప్పదమ్మా" అని, చేతిరాత బాగుంటుందని చార్ట్ బాబాయినే రాయమన్నాడు.

"రాయండి. ఈరోజు ఉదయం తొమ్మిదిన్నరకి, విధుల్లో ఉన్న అనౌన్సరు, మైకులో..." మేనేజరు ఆగాడు. "మైకులో... వ్యక్తిగతమైన..." మళ్లీ ఆగాడు.

"ఒంటికి అని రాయనా సార్, మూత్రవిసర్జన అని రాయనా?" అమాయకంగా అడిగాడు బాబాయి. "పైఆఫీసుకి వెళ్లేది కదా."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. "అవసరం అని రాయండి."

"ఎంత అవసరమని అడిగితే?"

మైకక్క నవ్వు ఆపుకోలేక పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే గది తలుపు తోసుకుని ఎనిమిదో నంబరు కండక్టరమ్మ వచ్చింది. మెడలో టికెట్ మిషన్, వెనకాల మరో ఆరుగురు కండక్టరమ్మలు.

"ఆవిడకి మెమో ఇస్తే మాకూ ఇవ్వండి సార్. ఐదింటికి బండెక్కాను. ఇప్పటిదాకా గొంతు తడపలేదు. తాగితే ఎక్కడికి వెళ్లాలి? ఆవిడ మైకులో అంది, మేం మనసులో అనుకుంటున్నాం. అంతే తేడా."

"నన్నేం చెయ్యమంటారమ్మా? కొత్తది కట్టించాలంటే పైనుంచి..."

"కట్టక్కర్లేదు సార్" అంది మైకక్క. తన గొంతు అంత నిదానంగా ఉండటం ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. "అద్దాల గది పక్కనే ఆఫీసర్ల బాత్‌రూం ఉంది కదా. ఆరేళ్లుగా తాళమేసి ఉంది. లోపల పాత రూటు బోర్డులు తప్ప ఏమీ లేవు. ఆ బోర్డులకి అవసరం లేదు, మాకుంది."

మేనేజరు సొరుగు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎవరూ కదలలేదు. చివరికి తుప్పు పట్టిన తాళంచెవి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "బోర్డులు గోడౌన్‌లో పెట్టించండి. ప్లంబర్ని నేను పంపిస్తాను. ఆ మెమో చించెయ్యండయ్యా బాబూ."

ప్లంబరు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. వచ్చాక కుళాయి తిప్పితే గంటసేపు ఎర్రనీళ్లే కారాయి. అయినా గడియ ఉన్న తలుపు, వెలిగే లైటు, పదిహేను అడుగుల దూరం! మూడో వారానికి మైకక్క డ్యూటీలో నాలుగుసార్లే లేస్తోంది, అదీ తీరుబడిగా. కండక్టరమ్మల సీట్ల పక్కన ఒక్కొక్కటిగా నీళ్ల బాటిళ్లు కనబడసాగాయి. ఎనిమిదో నంబరావిడ అయితే ఫోన్లో నేరుగా అత్తగారినే అడిగి సలహాలు తీసుకునేది. అత్తగారికి మళ్లీ డ్యూటీ ఎక్కినంత సంబరం.

రెండు నెలల తర్వాత స్కానింగ్‌లో రాయి లేదని తేలింది. ఎప్పుడు పోయిందో, ఏ పూట పోయిందో మైకక్కకే తెలియదు. ఇంటికొచ్చి సంతోషంగా చెబితే, అత్తగారి ముఖం చిన్నబోయింది.

"పడిపోతే పట్టి డబ్బాలో వెయ్యమని చెప్పానా లేదా? పరీక్షకి పంపితే ఏ రకం రాయో తెలిసేది."

"అవునవును, ఎంతుందో మేమూ చూసేవాళ్లం" అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తి.

"ఇంకోటి వస్తే చూపిస్తాలెండి" అంది మైకక్క, గ్లాసులో నీళ్లు వంపుకుంటూ.

"శుభమా అని ఆ మాటలేంటి! నోరు మూసుకుని ముందు అవి తాగు" అంది అత్తగారు. "గుక్క గుక్కగా."