బావ రొయ్యలూ, నా నూనె డబ్బా

మా అక్క మొగుడు వెంకటరత్నం మేత ఎక్కువేసి చెరువు మొత్తం రొయ్యల్ని చంపేశాడని మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. పెళ్లి భోజనాల్లో రొయ్యల వేపుడు వస్తుంటే ఎవరో ఒకరు, "గరిటె వెంకటరత్నం చేతికి ఇవ్వకండి బాబూ, ఎక్కువేసేస్తాడు" అనేవారు. పంక్తి పంక్తంతా నవ్వేది. బావ కూడా నవ్వేవాడు. పక్కన కూర్చున్న నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

ఇన్నాళ్లూ నేను చెప్పని మాట ఒకటుంది. ఆ రొయ్యల్ని చంపింది నేను. ఒక ఖాళీ నూనె డబ్బాతో, చెరువు మొత్తాన్ని. ఎలాగో చెబుతాను వినండి. మధ్యలో తిట్టుకోవాలనిపిస్తే మొహమాటపడకండి.

అప్పట్లో నేను ఉద్యోగం మానేసి, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చీరల కొట్టు మీద గది అద్దెకు తీసుకుని, సొంత కంపెనీ పెట్టాను. కంపెనీ అంటే నేనూ, ఒక ఫ్యానూ. మేం తయారుచేసే సరుకు రెండు ముక్కలు. ఒకటి చెరువులో తేలే బుడ్డి. అది నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, తక్కువైతే గాల్లోకి ఒక కబురు వదులుతుంది. రెండోది గట్టు మీద ఉండే ప్లాస్టిక్ పెట్టె. అది ఆ కబురందుకుని ఫోన్‌కి పంపుతుంది. బుడ్డి చిన్న బ్యాటరీ మీద ఏళ్ల తరబడి బతకాలి కాబట్టి, గవర్నమెంటాఫీసులో మధ్యాహ్నం గుమాస్తాలాగా ఎక్కువసేపు కునుకు తీస్తుంది. లేచినప్పుడు కూడా గుసగుసగానే మాట్లాడుతుంది.

మొదటి గిరాకీ ఎవరు? ఇంకెవరు, బావే. గుడివాడ అవతల వాళ్ల చెరువు. బామ్మర్ది కంపెనీ పెడితే బావలు కాదనగలరా?

బిగించే రోజు గట్టు మీద నిలబడి నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

"చూడు బావా, మన బుడ్డి అనవసరంగా నోరు విప్పదు. ఆక్సిజన్ తగ్గితేనే మాట్లాడుతుంది. మాట్లాడలేదంటే అంతా బాగున్నట్టే."

"గంటకోసారి బాగానే ఉన్నానని ఒక ముక్క చెప్పొచ్చుగా?"

"బ్యాటరీ దండగ."

"అది చచ్చిపోయిందనుకో?"

"చావదు బావా. వారంటీ ఉంది."

మజ్జిగ తెచ్చిన మా అక్క సరోజ పక్కనుంచి అందుకుంది. "నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడూ ఇంతేగా! డబ్బులు కావాల్సినప్పుడే ఫోన్. మిగతా రోజుల్లో బాగున్నావనుకోవాలి. తీరా చూస్తే పచ్చకామెర్లు."

ఆ మాట నా చెవికెక్కలేదు. ఉపన్యాసకులకు చెవులుండవు.

మొదట నాలుగు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. కబుర్లన్నీ నా ఫోన్‌కే వచ్చేవి. "నా నంబరు కూడా ఎక్కించరా" అని బావ అంటే, "ముందు నేను చూసుకోనీ, రాగానే నీకు ఫోన్ చేస్తాగా" అన్నాను. తర్వాత ఒకరోజు నేను చెరువు దగ్గరుండగా చినుకులు మొదలయ్యాయి. పెట్టె ఉన్నది మోటారు షెడ్డు కప్పు మీద. తడిస్తే ఎలా? మన వైపు స్టార్టరు డబ్బా తడుస్తుంటే ఏం చేస్తారు? ఖాళీ నూనె డబ్బా తెచ్చి బోర్లిస్తారు. తాతల నాటి నుంచీ అదే వైద్యం. నేనూ అదే చేశాను. దర్జాగా బోర్లించి, గాలికి ఎగరకుండా పైన ఇటుక కూడా పెట్టి, కారెక్కి బెజవాడ వచ్చేశాను.

రేడియో అలలు రేకులోంచి దూరవని కాలేజీలో చదివిన మనిషిని నేనే. ఆ పాఠంలో నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి.

మర్నాడు పొద్దుట్నుంచీ మబ్బు. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"ఒరే ప్రసాదూ, వాతావరణం నాకేం నచ్చట్లేదు. ఏరేటర్లన్నీ వేసేయనా?"

ఏరేటర్లంటే నీళ్లు చిలికి గాలి పట్టించే చక్రాలు. కరెంటు బాగా తింటాయి. నేను ఫోన్ తీసి చూశాను. కబురేమీ లేదు.

"ఎందుకు బావా? బుడ్డి ఏమీ అనలేదు. అన్నప్పుడు వేద్దువుగాని."

"నిజంగానా?"

"మనిషి కంటే మిషన్‌ని నమ్ము బావా."

పాపం, నమ్మాడు.

తెల్లారేసరికి రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చాయి. నేను వెళ్లేసరికి బావ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఒక రొయ్యని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తడిమినట్టు. నాకు ఏం చేయాలో తోచక షెడ్డు వెనక నిచ్చెనెక్కాను. ఇటుక తీశాను. డబ్బా ఎత్తాను.

టింగ్.

టింగ్. టింగ్. టింగ్ టింగ్ టింగ్.

మా బుడ్డి పంపిన కబురు అందిందన్న జవాబు రాకపోతే దాన్ని దాచుకుని మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ తెలివి దానికి నేనే పెట్టాను. రాత్రంతా అరిచి అరిచి దాచుకున్నవన్నీ ఇప్పుడు నా జేబులో కక్కేసింది. 'ఆక్సిజన్ తగ్గింది. ఏరేటర్లు వేయండి.' 'ఆక్సిజన్ బాగా తగ్గింది. వెంటనే ఏరేటర్లు వేయండి.' అక్షరం తప్పు లేకుండా, చక్కటి తెలుగులో.

"ఎవర్రా ఫోన్?" కిందనుంచి బావ అడిగాడు.

"బ్యాంకు వాళ్లు బావా. లోను కావాలా అని."

మీరు ఇక్కడ తిట్టుకోవాలి. ఇంకా ఉంది, కొంచెం దాచుకోండి.

"ఏమైందంటావు?" అన్నాడాయన.

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. నాకు నా కంపెనీ గుర్తొచ్చింది, గది ముందు తగిలించిన బోర్డు గుర్తొచ్చింది. "నిన్న మేత ఎంత వేశావు బావా?" అన్నాను, డాక్టరులాగా.

"మామూలే. మధ్యాహ్నం మాత్రం ఆకలిగా ఉన్నట్టున్నాయని ఒక గుప్పెడు ఎక్కువ..."

"అదీ సంగతి! తినని మేత అడుగున కుళ్లి గ్యాసు పుట్టింది. ఆక్సిజన్ కాదు బావా, మేత."

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు. అక్క ఆయన్ని రెండిళ్లకూ సరిపడా తిట్టింది.

ఆ తర్వాత బావ చెరువు జోలికి పోలేదు. కుక్కకి అన్నం పెట్టాలన్నా "ఇంత చాలా సరోజా?" అని అడిగేవాడు. ఈ మధ్య ఒకాయన చెరువుని పదేళ్లకు లీజుకి అడిగితే, "నా చేతికి అచ్చిరాదు, ఇచ్చేస్తాను" అన్నాడు. సంతకాల రోజు సాక్షిగా నన్నే రమ్మన్నారు. పెన్ను నా చేతికి వచ్చింది. అప్పుడిక నా వల్ల కాలేదు. డబ్బా, ఇటుక, టింగులు, బ్యాంకు వాళ్ల లోను, అన్నీ చెప్పేశాను.

లీజుకొచ్చినాయన మెల్లగా కాఫీ గ్లాసు కింద పెట్టాడు. బావ ఒకే మాట అడిగాడు. "అంటే... నా మేత వల్ల కాదా?"

"కాదు బావా."

"ఆ గుప్పెడు వల్ల కాదా?"

"కాదు."

అక్క లేచింది. "ఒరే, ఇన్నేళ్లూ నా చేత మొగుణ్ణి తిట్టించావు కదరా! ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి పోవాలి?"

"వాడికే పంపించు" అన్నాడు బావ, కాయితాలు మడిచి పక్కన పెడుతూ. "చెరువు ఇవ్వటం లేదండీ, ఏమనుకోకండి" అని లీజుకొచ్చినాయనకి చెప్పాడు.

అక్క పంపించింది. అన్నీ. ఆ తర్వాత, నేను బెజవాడ కొండ మీది అమ్మవారున్న దిక్కుకి తిరిగి, ఇకపై నా ఏ పరికరమూ నోరు మూసుకుని కూర్చోదనీ, గంట గంటకీ బతికున్నానని అరుస్తుందనీ, బ్యాటరీ చస్తే చావనీ, ఈ జన్మలో నూనె కూడా ప్యాకెట్లలోనే కొంటాననీ అందరి ఎదుటా ప్రమాణం చేశాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు బావ దగ్గరికి వెళ్లి, ఆ రోజు గట్టు మీద చెప్పాల్సింది చెప్పాను. "బావా, ఏరేటర్లు వేయనా అని నువ్వు అడిగావు. నేనే వద్దన్నాను. రొయ్యల్నీ పోగొట్టాను, నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేకుండా చేశాను. నన్ను క్షమించు."