పద్మమ్మ మగ్గానికి మా శ్రావణి పెట్టె: నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా

నా బిడ్డ చేసిన యంత్రం గద్వాలలో ఒక మగ్గానికి ఎక్కింది! తిమ్మాజిపేట దగ్గర వేరుశనగ పండించుకునే రైతును నేను. చదువు ఏడో తరగతితో ఆగింది. తప్పులుంటే మన్నించండి. గద్వాల మగ్గాలు చూడాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా బస్సులో యంత్రాలు మోసుకుపోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా శ్రావణి డిప్లొమా చదివి నాగర్‌కర్నూల్‌లో ఒక లేత్ షాపులో పనిచేస్తోంది. గద్వాలలో చీరలు నేసే మా ఎరిగిన పద్మమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. మగ్గం తొక్కడం మానేయమని దవాఖానలో చెప్పారట. కాళ్లతో పలకలు తొక్కితేనే నిలువుగా ఉండే పడుగు దారాలు రెండుగా విడిపోయి, వాటి మధ్య నుంచి అడ్డదారం మోసే నాడె దూరుతుంది. ఆ తొక్కుడు పని మోటారుతో జరిగేలా మా అమ్మాయి ఒక పెట్టె చేసింది. లోపల కోడిగుడ్డు ఆకారంలో ఒక ఇనుప బిళ్ల తిరుగుతుంది, దాన్ని క్యామ్ అంటారు. దాని అంచు మీద దొర్లే చిన్న చక్రం కిందికీ పైకీ కదులుతూ పలకను నొక్కుతుంది. చక్రం బిళ్లను వదలకుండా ఒక స్ప్రింగు అదిమి పడుతుంది. ఈ పెట్టె పనిచేయకపోతే పద్మమ్మ మగ్గం దిగిపోవాల్సిందే. అందుకే బయల్దేరే ముందు రాత్రంతా నాకు నిద్ర లేదు.

ఉదయం ఆరున్నరకు నాగర్‌కర్నూల్‌లో వనపర్తి బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి గద్వాల దాకా నా ఒక్కడికి రెండు వందల నోటు సరిపోయి ఇంకా మిగిలింది. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను.

“ఏంది పెద్దాయనా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్? దీనికి హాఫ్ టికెట్ కొట్టాల్నా?” అన్నాడు కండక్టర్.

“ఫుల్లే కొట్టు! నా బిడ్డ చేసింది ఇది, నా బిడ్డ!” అన్నాను. బస్సంతా మా వైపు తిరిగింది.

“నాయినా, జర ఊకో,” అంది శ్రావణి తల దించుకుని.

బిజినేపల్లి దాటాక ప్రతి గుంతకూ పెట్టె లోపల టక్కుమంది, నా గుండె కూడా. “బిడ్డా, లోపల ఏందో ఊడినట్టుంది.” “ఏం ఊడలే. స్ప్రింగు తీసి సంచిల వెట్టిన. ఉత్త చక్రం కదులుతుంది.” మాట ధైర్యంగానే ఉంది కానీ, వనపర్తి బస్టాండులో వేడి ఇడ్లీ ముందు పెట్టినా ముట్టలేదు. “అది నడిచినంక తింట,” అంది. అక్కడ బస్సు మారి పెబ్బేరు మీదుగా వెళ్లాం. బీచుపల్లి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి కృష్ణను చూశారు. నేను పెట్టెనే చూశాను.

పదకొండు కాకముందే గద్వాలలో దిగి, ఆటోలో పద్మమ్మ ఇంటికి చేరాం. అక్కడి నేతగాళ్లు మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. చీరలు కోసుకున్నాక, మిగిలిన పాత పడుగు కొసలకే కొత్త పడుగు అతుకుతారు. అంటే పరీక్ష కూడా సగం నేసిన చీర మీదే జరగాలి. శ్రావణి స్ప్రింగు తగిలించి, పెట్టె బిగించి మెల్లగా నడిపింది. పలకలు వాటంతటవే దిగుతుంటే పద్మమ్మ కాళ్లు ఎత్తి పక్కన పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది.

కానీ పెట్టె కొద్దిగా వణుకుతోంది. మా పొలంలో డీజిల్ ఇంజిన్ మెల్లగా తిరిగినప్పుడు ఊగిపోతుంది. జోరు పెంచితే కుదుటపడుతుంది. ఇదీ అంతే అనుకుని, అడగకుండా వేగం మీట తిప్పేశాను.

టకటకటక! చక్రం బిళ్లను వదిలి ఎగిరింది. పలక వేళ తప్పి పైకి లేచింది, నాడె లోపల ఉండగానే పడుగు మూసుకుంది. దారాలు పుటుక్కున తెగాయి. శ్రావణి మోటారు ఆపింది.

“మన డీజిల్ ఇంజిన్ లెక్క అనుకున్నవా? అది వేరు నాయినా,” అంది. “అది ఊగుడు, ఇది ఎగురుడు. జోరు పెరిగితే బిళ్ల తిరిగినంత తొందరగ స్ప్రింగు చక్రాన్ని దించలేదు. ఎగిరిన చక్రం మళ్ల వడి కొడుతది.”

పద్మమ్మ తెగిన దారాలు వెతుక్కుంటూ, “పోనియ్ బిడ్డా, తెగినయి అతుకుత. నువ్వు నీ స్ప్రింగు సూసుకో. అన్నా, నువ్వైతే జర బయట కూసో,” అంది.

వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. శ్రావణి స్ప్రింగు బిగించింది, మీట కొంతకు మించి తిరగకుండా ఒక అడ్డు పెట్టింది. మళ్లీ మొదలైంది. టక్... టక్... ఒక్కో దెబ్బా లెక్కపెట్టాను. చాలాసేపు అలాగే నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ దారాలు తెగాయనుకున్నాను.

“అన్నా!” పద్మమ్మ గొంతు. “నాడెల దారం అయిపోయింది. గూట్లె ఇంకో కండె ఉంది, అందియ్యి.”

ఒక్క పోగు తెగకుండా కండెకు చుట్టిన దారం మొత్తం అయిపోయిందన్నమాట! నేను కండె అందిస్తుంటే శ్రావణి నా వైపు చూసి, “ఆకలైతుంది నాయినా,” అంది.

ఇన్నేళ్లు యంత్రమంటే జోరే అనుకున్నాను. పట్టు వదలకుండా తిరగడమే అసలు పని అని నా బిడ్డ దగ్గర నేర్చుకున్నాను. ఎంత సంతోషమో నాకు రాయడం రాదు. ఒక్క సలహా మాత్రం ఇస్తాను: ఇలాంటి యంత్రం మోసుకుపోతే స్ప్రింగు విప్పి వేరుగా పెట్టుకోండి. మీరు దాన్ని చేసినవాళ్ల తండ్రి అయితే, నడిపేటప్పుడు అరుగు మీదే కూర్చోండి. చప్పుడు అక్కడికీ బాగా వినిపిస్తుంది.