మూఢంలో బిగిసిన మోకాలు

చెడుగుడు ఆడుతూ పడ్డ రోజు నాకు ముందు నొప్పి కాదు, కోపం వచ్చింది. ఎల్లారెడ్డి ఊరి పక్కన యాసంగి వరి కోసిన మడిలో మా నేతపనివాళ్ళ జట్టు ఒకవైపు, రైతుల జట్టు ఇంకోవైపు. నాకు అప్పటికే ముప్పై దాటాయి. కూతకు పోయి తిరిగి గీత ముట్టబోతుంటే ఇద్దరు వెనక నుంచి మీద పడ్డారు. కుడి మోకాలు గట్టు రాయికి తగిలింది. పాక్కుంటూ పోయి గీత ముట్టాను, గెలుపు మాదేనని అరిచాను. లేచి నిలబడబోతే కాలు నాది కానట్టు మడత పడిపోయింది.

మంచం మీద మోసుకొచ్చి ఇంట్లో దించారు. మా ఆవిడ నర్సవ్వ ఏడవలేదు. "గెలిసినవా? ఇగ గా గెలుపునే వండుకొని తిందాం" అంది.

లింగంపేట నుంచి ఎముకలు కట్టే తాతను పిలిపించారు. ఆయన వేళ్ళతో మెల్లగా తడిమి, "చిప్ప పగిలింది గాని పక్కకు జరగలే" అన్నాడు. కోడిగుడ్డు సొన, మినపపిండి కలిపి పట్టించి, కాలు చాపించి, తొడ నుంచి పిక్క దాకా వెదురు బద్దలతో కట్టాడు. "నెల నాళ్ళకు నేనే వచ్చి విప్పుత. ఒక్క దినం గుడ ఎక్కువ ఉంచొద్దు బిడ్డా" అని చెప్పి పోయాడు.

చెప్పిన మాట ప్రకారం వచ్చాడు కూడా. మా అన్న గడపలోనే ఆపేశాడు. నాన్న పోయాక ఇంటికి పెద్ద ఆయనే. "మూఢం నడుస్తుంది తాతా. మూఢంల కట్టు విప్పుతరా? మంచి దినం రానీ" అన్నాడు.

"కట్టుకు మూఢమేంది? ఇదేమన్న లగ్గమా?" అన్నాడు తాత. నా వైపు చూశాడు.

ఇక్కడ అబద్ధం ఆడను. నేనూ మా అన్న మాటకే వంత పాడాను. విప్పితే చిప్ప మళ్ళీ విడిపోతుందేమోనని లోపల భయం. ఆ భయానికి మూఢం బాగా అడ్డం దొరికింది. తాత చేతికర్ర తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మూఢం దాదాపు రెండు నెలలు ఉంది.

మంచి రోజు చూసి కట్టు విప్పించాం. కాలు జొన్నదంటులా సన్నబడింది. మోకాలు వంచబోతే లోపల మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. తాత నూనె పట్టించి కాసేపు తోమి, "నా చేతిల ఉన్నది నేను చేసిన. ఇగ కామారెడ్డి దవాఖానకు పొండ్రి" అన్నాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

మాది గుంట మగ్గం. గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. మోకాలు వంగకపోతే మగ్గం లేదు. నాది మా నాన్న కూర్చున్న మగ్గం. అది అన్ని నెలలు ఖాళీగా ఉండటం చూసి అన్న తేల్చి చెప్పాడు. "దసరా దాక చూస్త తమ్మీ. కాకుంటే మా బామ్మర్దిని కూసోవెడత. నువ్వు కండెలు చుట్టు." పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే నూలును కండెలకు చుట్టడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు చేసే పని. తక్కువ పనేం కాదు. కానీ ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. "నాయిన గుంటల ఇంకొకడు కాళ్ళు పెడితే నేను సూస్కుంట కూసోను" అన్నాను.

ఎడ్లబండి మీద కామారెడ్డి పోయాం. అక్కడి డాక్టరు చిట్టీ రాసి ఎక్స్‌రేకు రైలు మీద సికింద్రాబాద్ పంపాడు. ఆ ఫిల్ము తెచ్చి ఇస్తే కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"బోన్ మంచిగ యునైట్ అయింది. కట్టినాయన తప్పు లేదు. ఇది స్టిఫ్‌నెస్. ఇన్ని దినాలు ఎందుకుంచిండ్రు?"

మూఢం సంగతి నర్సవ్వే చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మందు ఇయ్యుండ్రి సాబ్" అన్నాను.

"సీసాల మందు లేదయ్యా దీనికి. ఎక్సర్‌సైజ్ చెయ్యాలె." నన్ను బల్ల అంచున కూర్చోబెట్టి కాళ్ళు వేలాడదీయించాడు. మంచి కాలి మడమను కుంటి కాలి మీద వేసి మెల్లగా వెనక్కి నెట్టమన్నాడు. ముందు వేడినీళ్ళ కాపడం, తర్వాత ఇది, రోజూ మూడు పూటలు. "నొప్పి అయితది, అయినా చెయ్యి. గాని ఒక్కపారి గుంజితివా, చెడిపోతది."

"మొత్తం వంగుతదా సాబ్?"

"మొత్తం వంగదు. గొంతుకూసునుడు కష్టం."

చూద్దాం, నీ మాట నెగ్గుతుందో నా కాలు నెగ్గుతుందో అనుకున్నాను మనసులో.

మా ఇంట్లో బల్ల ఎక్కడిది? కానీ మగ్గం గుంట ఉంది. దాని గట్టు మీద కూర్చుంటే డాక్టరు బల్ల మీద కూర్చున్నట్టే. పక్కనే నర్సవ్వ రాట్నం ముందు కూర్చునేది. ఆమె ఒక కండె నింపేదాకా నేను మోకాలు వంచి పట్టుకోవాలి, అదీ లెక్క. నొప్పికి పళ్ళు కొరుక్కుంటుంటే ఆమె కావాలనే మెల్లగా తిప్పేది. "ఇంక నిండలే, ఇంక నిండలే" అని నవ్వేది. మడమ ఎంత దూరం వెనక్కి పోయిందో గుంట పక్క గోడ మీద బొగ్గుతో గీసేవాళ్ళం. వారానికి వేలెడు జరిగేది. ఒక్కో వారం అదీ లేదు.

దసరా దగ్గరపడే కొద్దీ నా ఓపిక చచ్చింది. నర్సవ్వ బావికి పోయిన సమయం చూసి మా చెడుగుడు జట్టులో ఇద్దరిని పిలిచాను. ఒకడు తొడ మీద కూర్చున్నాడు, ఒకడు కాలు పట్టి నెట్టాడు. లోపల పటుక్కుమంది. సాయంత్రానికి మోకాలు కుండలా వాచింది. మడమ పాత బొగ్గు గీతకు నాలుగు వేళ్ళు ఇవతలే ఆగిపోయింది.

"కుస్తీ పట్టుమన్ననా నిన్ను?" అని డాక్టరు అందరి ముందు తిట్టాడు. పది రోజులు వంచొద్దన్నాడు. తొడ ముందున్న కండ, క్వాడ్రిసెప్స్, దాన్ని బిగించి వదలడం మాత్రం చేయమన్నాడు.  నా మీద నాకే అసహ్యం వేసింది. పదకొండో రోజు మళ్ళీ గట్టెక్కి కూర్చున్నాను.

దసరా వచ్చింది. మోకాలు చాలావరకు వంగింది. కానీ గుంటలో చెక్క మీద పాదం ఆనాలంటే ఇంకా కొంచెం వంగాలి. అన్న బామ్మర్ది మూట పట్టుకుని గాంధారి నుంచి దిగాడు. డాక్టరు మాటే నెగ్గేట్టుంది.

నేను గడ్డపార తీశాను. గుంట ముందు గోడను జానెడు తొలిచాను, అడుగు ఇంకో జానెడు లోతు చేశాను. చప్పుడుకు అన్న పరుగెత్తుకొచ్చాడు.

"నాయిన తవ్విన గుంటరా అది!"

"నాయిన ఆయన కాళ్ళకు తవ్వుకున్నడు. నేను నా కాళ్ళకు తవ్వుకుంటున్న."

చెక్కలు కిందికి, ముందుకు కట్టుకుని దిగి కూర్చున్నాను. కాలు అందింది. ఆ రోజు నేసింది బెత్తెడు బట్ట. మోకాలు సలుపుతుంటే, నాడె విసురుతూ సంతోషంతో ఏడ్చాను. బామ్మర్ది పండగ భోజనం చేసి మర్నాడు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సముద్రాల అవతల జరిగే యుద్ధం వల్ల నూలు దొరకడం కష్టమైంది. దొరికిన రోజు పొద్దు గుంకేదాకా నేస్తాను. గొంతుకూర్చోవడం ఇప్పటికీ రాదు. చలికాలం పొద్దున్నే మోకాలు తిడుతుంది, నేనూ దాన్ని తిడతాను.

తోటి వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కట్టు కట్టించుకునేటప్పుడే విప్పే రోజు అడగండి. గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ రోజు మూఢమైనా అమావాస్యైనా విప్పించి, మర్నాటి నుంచే కొద్దికొద్దిగా కదిలించండి.

పోయిన ఏడు మా అన్న బావి దగ్గర జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ తాతే కట్టాడు. విప్పే రోజు నేనే బొగ్గుతో గోడ మీద రాశాను. ఆ రోజు వచ్చేసరికి సరిగ్గా మళ్ళీ మూఢం. అన్న గోడను చూశాడు, నా మోకాలిని చూశాడు. చేయి చాపి, "విప్పు తాతా" అన్నాడు.

బిగుసుకున్న చేతిని రోజూ తిప్పుతూ ఉండాలని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో తిప్పే పని రాట్నం ఒక్కటే. రెండు నెలలు నా నాడెలో పడిన కండెలన్నీ మా అన్న ఎడమ చేత్తో చుట్టినవే.