సింహాద్రి సాబ్ ఆదివారాలు

వానలో నానిన టార్పాలిన్‌ను ఎండలో విప్పితే ఒక వాసన వస్తుంది. మగ్గిన గుడ్డ, నూనె, ఉప్పు కలిసిన వాసన. మొన్న హాడో జెట్టీలో సరుకు మీద కప్పిన పట్టాను కూలీలు లాగుతుంటే ఆ వాసన గుప్పున ముఖానికి కొట్టింది. క్రేన్‌కు సిగ్నల్ ఇవ్వాల్సిన నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పక్కనున్నతను "క్యా హువా భయ్యా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. కానీ ఆ క్షణంలో నేను జెట్టీలో లేను. ఒక పాత గోదాము వెనక రేకుల షెడ్డులో, తడి పట్టా మీద బోర్లా పడుకుని ఉన్నాను. నా తల పక్కనే సుబేదార్ సింహాద్రి గారి బూట్లు.

మాది చిన్న రిజర్వు దళం. వారమంతా ఎవరి బతుకుతెరువు వాళ్ళది. నాది జెట్టీలో పని, ఒకరిది ఆటో, ఇంకొకరిది ఆఫీసులో ప్యూన్ ఉద్యోగం, కొందరిది చేపల వేట. ఆదివారం మాత్రం యూనిఫాం వేసుకుని సాధనకు రావాలి. అవసరం వస్తే సైన్యం పక్కన నిలబడటానికి సిద్ధంగా ఉండాలి. సాధన చేద్దామంటే ఏముంది అక్కడ? మైదానాన్ని వాహనాలు నిలిపే స్థలంగా మార్చేశారు, మాకు మిగిలింది ఆ రేకుల షెడ్డే. రైఫిళ్ళు అందరికీ సరిపోవు. అసలు తూటా కళ్ళబడేది ఏడాదికొకసారి, కాల్పుల రోజున. మమ్మల్ని నడిపించే బాధ్యత సింహాద్రి గారిది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన కుటుంబం ఆయనది. సన్నటి మనిషి, చాలా నెమ్మదిగా మాట్లాడేవారు. చేపల వేటకు వెళ్ళేవాళ్ళు ఆదివారాలు రావడం మానేస్తే ఆయన సంజాయిషీ అడగలేదు. మా అందరినీ వెంటబెట్టుకుని పడవల దగ్గరికే తీసుకెళ్ళారు. "ఆళ్ళు మన కాడికి రాలేకపోతే మనమే ఆళ్ళ కాడికి ఎల్దాం. అందులో సిన్నతనమేటి?" అన్నారు. వాళ్ళు వలలు బాగుచేసుకుంటుంటే ఇసుకలో కూర్చునే పాఠం చెప్పారు.

ఆయన పాఠాల్లో మాకు విసుగు పుట్టించినది ఒకటుండేది. రైఫిల్ పేలకపోతే ఏం చెయ్యాలన్నది. గొట్టం మూతి ఎదురుగా గుళ్ళను ఆపే మట్టిదిబ్బ వైపే ఉంచాలి, వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యాలి, ఎడమ చెయ్యి పైకెత్తి ఆగాలి. అంతే. తూటా లేని రైఫిల్‌తో ప్రతి ఆదివారం అదే చేయించేవారు. పట్టా మీద పడుకుని, చెయ్యెత్తి, ఆయన వచ్చి భుజం తట్టేదాకా కదలకుండా ఉండాలి. దుర్గారావుకైతే అది పెద్ద నవ్వులాట. దుర్గారావు ఆయనకు స్వయానా చెల్లెలి కొడుకు, స్కూలు వ్యాను నడిపేవాడు. "తూటా లేని తుపాకీ పేలకపోతే ఏటి, పేలితే కదా వింత!" అని అందరినీ నవ్వించేవాడు. కొన్నాళ్ళకు రావడమే మానేశాడు. అతన్ని చూసి ఇంకొందరు మానేశారు.

ఆ ఏడాది కాల్పుల రోజు దగ్గరపడుతుండగా కెప్టెన్ గారు షెడ్డుకు వచ్చారు. కుర్రవాడు, మంచివాడే. మనుషులు తగ్గితే మా దళాన్ని ఎత్తేసి వేరేదానిలో కలిపేస్తారని పైనుంచి మాట వచ్చిందట. "సాబ్, ఆ రోజు గింతీ పూరీ చాహియే, తలల లెక్క సరిపోవాలి. ఒక్కడు తగ్గినా నేనేమీ చెయ్యలేను" అన్నారు. "సాధనకి రానోళ్ళ సేతికి తూటా ఇవ్వొద్దు సార్" అన్నారు సింహాద్రి గారు. కెప్టెన్ గారు తలొంచుకుని, "నాకూ ఇష్టం లేదు. కానీ దళమే పోతే మీ ఆదివారాలు ఎక్కడుంటాయి?" అన్నారు. బయటికి వచ్చాక సింహాద్రి గారు నాతో, "ఒప్పేసుకున్నాన్రా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను మరిచిపోలేదు.

కాల్పుల రోజు దుర్గారావు వచ్చాడు. పెళ్ళికి వచ్చినంత హుషారుగా ఉన్నాడు. వరసలో నా పక్క స్థానమే అతనిది. మొదటి తూటాలు బాగానే పేలాయి. తర్వాత అతని రైఫిల్ 'టక్'మని ఆగింది. పక్క చూపుతో చూశాను. చెయ్యెత్తలేదు. విసుగ్గా రైఫిల్ బోల్టును రెండుసార్లు లాగి వదిలాడు. ఆ లాగడంలో కొత్త తూటా లోపలికి ఎక్కిందని అతనికి తెలియదు. మోకాళ్ళ మీద లేచి, రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగి, "మావా, ఇది పన్జెయ్యట్లేదు" అన్నాడు. రైఫిల్ మూతి మొదట నా తల మీదుగా వెళ్ళింది, తర్వాత వెనక నిలబడ్డ వాళ్ళందరి వైపూ తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

ఎవరో "అరే, అరే!" అని కేక పెట్టారు. ఆ కేకకు దుర్గారావు బిగుసుకుపోయాడు. తన చేతిలో ఏముందో అప్పుడే అర్థమైనట్టు కళ్ళు పెద్దవయ్యాయి. సింహాద్రి గారు చెయ్యి చాచి వెనకున్న వాళ్ళను ఊరుకోమన్నారు. ఆ మూతికి ఎదురుగా నడుచుకుంటూ వచ్చారు. పరుగు లేదు, అరుపు లేదు. ఇంట్లో అన్నానికి పిలిచే గొంతుతో, "దుర్గా, నన్ను సూడకు. దిబ్బని సూడు" అన్నారు. "మావా, నా వేలు రావట్లేదు" అన్నాడతను ఏడుపు గొంతుతో. "వేలు సంగతి తర్వాత. ముందు దిబ్బని సూడు. నిమ్మళంగా తిరుగు. నానున్నాను కదా." నేను మట్టికి కరుచుకుపోయాను. మూతి మళ్ళీ నా తల మీదుగా వెళ్ళి దిబ్బ వైపు తిరిగింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వెనకనుంచి అతని చేతుల మీద తన చేతులు వేశారు. అప్పుడు పేలింది. దిబ్బలోంచి మట్టి ఎగిరిపడింది.

ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. కెప్టెన్ గారు కాల్పులు ఆపించి, అందరి ముందూ, "తప్పు నాది" అన్నారు. "నాది కూడా సార్. ఒద్దని సెప్పి ఊరుకున్నాను. ఒద్దంటే ఒద్దనే నిలబడాల్సింది" అన్నారు సింహాద్రి గారు. తర్వాత జీపు వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయారు. నేనే పట్టుకుని తాగించాను. "భయమేసిందా సాబ్?" అని అడిగాను. "మరి ఎయ్యదేటి? మా సెల్లికి ఏటని సెప్పుకోను?" అన్నారు.

తర్వాతి ఆదివారాలు షెడ్డు ఇంకా పలచబడింది. కొందరిని భార్యలు పంపలేదు. దుర్గారావైతే మిడిల్ పాయింట్ పేటలోని తన ఇంటి గడపే దాటడం లేదని తెలిసి ఆయన నన్ను తీసుకుని వెళ్ళారు. "నానింక తుపాకీ ముట్టను మావా" అన్నాడతను. "ముట్టొద్దు. నువ్వొచ్చి, ఆ రోజు ఎందుకు ఎనక్కి తిరిగినావో మన దళమోళ్ళకి సెప్పు సాలు." "నవ్వుతారు." "నవ్వితే నవ్వనీ. నువ్వూ నవ్వినోడివే కదరా." దుర్గారావు వచ్చాడు. పట్టా పక్కన నిలబడి, తల ఎత్తకుండా, రైఫిల్ పేలకపోయేసరికి బుర్రలో ఏమీ లేకుండా పోయిందని, పక్కన మనుషులున్నారన్న సంగతే గుర్తు లేదని చెప్పాడు. ఆ తర్వాత ఆ పాఠానికి ఎవరూ నవ్వలేదు. మానేసిన వాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. దళం మూతపడలేదు, పెరగనూ లేదు. సింహాద్రి గారు ఉద్యోగం ముగిశాక రంగత్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. కిందటి వానల్లో అక్కడే పోయారు.

ఆయన ధైర్యం నాకు వచ్చిందని చెప్పలేను. వచ్చింది ఒకటే. ఈమధ్య జెట్టీలో క్రేన్ కొక్కానికి బరువు వేలాడుతుండగా కొత్తగా చేరిన కూలీ ఒకతను సరిగ్గా దాని కిందికి వచ్చేశాడు. కట్టిన తాడు ఒకటి జారుతోంది. నలువైపులా అరిచేసరికి అతను ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. నా నోట్లోంచి మాత్రం మాట చాలా మెల్లగా వచ్చింది. "భయ్యా, పైకి చూడకు. నన్ను చూడు. సీదా నా దగ్గరికి నడిచిరా." అతను నడిచి వచ్చాడు. నా చెయ్యి అందుకున్నాక, అప్పుడు అతని మీద అరిచాను, జెట్టీ అంతా తిరిగి చూసేటంత గట్టిగా. ఆ ఆఖరి అరుపు మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నది కాదు.